కోదండయ్య సైకిలు మేకు

అనగనగా అనడానికి అదేమంత పాత కాలం కాదు, అయినా అనగనగానే అనుకుందాం. ఒక కొండ అడవి. ఆ అడవిలో కోదండయ్య అనే ముసలి కొండముచ్చు. అతనికి తాతలనాటి సైకిలొకటి ఉండేది.

వేసవి వచ్చిందంటే కొండపైన చెలమలు ఎండిపోయేవి. నడవలేని ముసలి జీవాలూ, ఈనిన తల్లులూ కిందికి దిగలేక నోరెండి కూర్చునేవి. కోదండయ్య తెల్లవారుతూనే వాగులో మునిగి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, సైకిలుకి అటొకటి ఇటొకటి నీళ్ళ బిందెలు కట్టి పైకి చేర్చేవాడు. అదే అతని పూజ.

ఒకనాడు ఎత్తు ఎక్కుతుండగా టక్కుమంది. పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించి ఉంచే ఇనుప మేకు అరిగి అరిగి జారిపోయింది. ఇక తొక్కడానికి లేదు, నిండు బిందెలతో ఆ ఎత్తుకి నెట్టుకుపోయే సత్తువా అతనికి లేదు.

ఆ అడవిలోకీ ఫోనులు వచ్చేశాయి మరి. బొమ్మ మీద వేలు పెడితే చాలు, కాకి పార్సిలు తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. కోదండయ్య ముందుగా ఫోనులో నక్క అంగడి తెరిచాడు.

"అన్నగారూ, మా మేకు పట్టని సైకిలు లేదు! రేపే మీ గుమ్మంలో ఉంటుంది" అంది నక్క.

కోదండయ్య ఒక్క బిందె నెత్తిన పెట్టుకుని, ఆయాసపడుతూ కొండెక్కాడు. పైన కురంగమ్మ అనే లేడి పసికూనతో పడుకుని ఉంది.

"అమ్మా, ఈ పూటకి సర్దుకో. రేపు సైకిలు బాగైపోతుంది."

"నాదేముంది తాతా, ఎలాగో ఉంటాను. నీళ్ళు లేక దీనికే పాలు చాలడం లేదు."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఎప్పటికో వచ్చిన పార్సిలు విప్పితే, రంధ్రంలో కొస కూడా దూరని బండ మేకు.

"ఇదెవరి సైకిలుకే? ఏనుగు సైకిలుకా?"

"నన్నడుగుతావేం తాతా? నేను మోసేదాన్ని. సంతకం పెట్టు, ఇంకా నాలుగు చెట్లు తిరగాలి" అని కాకి ఎగిరిపోయింది.

ఈసారి చిలుక అంగడి. చిలుక మర్యాదగా కొలత అడిగింది. కోదండయ్య పాత మేకు తీసి జాగ్రత్తగా కొలిచి చెప్పాడు. "రేపే పంపుతాము" అంది చిలుక. ఆ రేపు కూడా చాలా రోజులకి వచ్చింది. మేకు సన్నంగా ఉంది. రాయితో కొట్టి ఎలాగో నిలబెట్టాడు. వాలులో అది జారిపోయింది, బిందెలు దొర్లాయి, కోదండయ్య మోకాలు చెక్కుకుపోయింది.

ఫోను చేస్తే చిలుక అంది: "మీ ఇబ్బందికి చింతిస్తున్నాము. మీ ఓపికకు ధన్యవాదాలు."

"నా ఓపిక ఎప్పుడో అయిపోయిందమ్మా తల్లీ. సరైనది పంపు."

"మీ ఓపికకు ధన్యవాదాలు."

అయినా కొండమీద అడిగిన వాళ్ళందరికీ కోదండయ్య "రేపే" అనే చెబుతూ వచ్చాడు. రేపే కదా అని ఎవరూ వేరే దారి చూసుకోలేదు. కురంగమ్మ కూన ఇప్పుడు లేచి నిలబడడం లేదు.

కోదండయ్య దేవుడి మీద భారం వేసి, మూడోసారి ముళ్ళపంది అంగడిలో అదే కొలత చెప్పాడు. కాసేపటికి ముళ్ళపందే ఫోను చేసింది.

"ఏమయ్యా, ఇది నేను పంపను."

కోదండయ్య కూలబడ్డాడు. "నువ్వు కూడానా?"

"ముందు చెప్పు. దేన్ని కొలిచావు?"

"పాత మేకుని."

"అరిగి జారిపోయినదాన్ని కొలిస్తే, వచ్చేదీ జారిపోక ఏం చేస్తుంది? రంధ్రాన్ని కొలువు. వేపపుల్ల చెక్కి అందులో బిగువుగా దూర్చి, ఆ పుల్ల కొలత చెప్పు."

కోదండయ్య అలాగే చేశాడు.

"ఈ కొలతది నా దగ్గర లేదు" అంది ముళ్ళపంది. "పున్నమికి గాని సరుకు రాదు. ఈలోగా ఇంకెక్కడైనా దొరికితే నిక్షేపంగా కొనుక్కో. రేపు అని మాత్రం నేననను."

ఎంత కటువైన మాట! కానీ ఆ మాట పట్టుకుని కోదండయ్య కొండెక్కి, నడవగలిగిన జీవాలతో సహా అందరినీ పిలిచి నిజం చెప్పాడు.

"పున్నమి దాకా సైకిలు లేదు. ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను. ఈ కూన అప్పటిదాకా ఆగదు."

అడవిపంది గుర్రుమంది. "ఈ ముక్క ముందే చెప్పొద్దూ, తాతా! నువ్వు రేపు రేపు అంటుంటే మేమూ నమ్మి పడుకున్నాం!"

అంటూనే లేచి వాగుకి దిగింది. ఎలుగు దిగింది, దుప్పి దిగింది, ఒక బిందె వెనక ఒక బిందె పైకి వచ్చింది. కురంగమ్మ కడుపారా తాగింది. కూనకి కడుపునిండా పాలు అందాయి. అది వణుకుతూ లేచి, నాలుగు కాళ్ళ మీదా నిలబడింది.

పున్నమికి మేకు వచ్చింది, ఒక్క రాతి దెబ్బకి బిగువుగా కూర్చుంది. ఆ తర్వాత నక్క అంగడిలోగాని, చిలుక అంగడిలోగాని వేలు పెట్టినవాడు లేడు. సగం బొమ్మల కింద "లేదు" అని రాసి ఉండే ముళ్ళపంది అంగడికే అడవి అంతా వెళ్ళేది.

కాబట్టి పిల్లలూ, రేపే అని ఊరించే తియ్యని మాట ఎదుటివాణ్ణి కూర్చోబెడుతుంది. ఇప్పుడు లేదు అని చెప్పే నిజమైన మాట అతన్ని లేచి దారి వెతుక్కోనిస్తుంది.