పడమటి పిట్టగోడ

లాలప్ప సుత్తెనూ పానాలనూ ఇనుము కోసే రంపాన్నీ ఒక గోనెసంచిలో కట్టి, దర్గా వెనకున్న పాడుబావిలో పడేశాడు. నీళ్ళు లేని బావి. సంచి అడుగున రాళ్ళ మీద పడిన చప్పుడు పైకి వినిపించింది. అది విన్నాక మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు.

తర్వాత వచ్చి గురువు ముందు కూచున్నాడు.

"తాతా, ఇంక నేను ఇనుము ముట్టుకోను," అన్నాడు.

గురువు పేరు హుస్సేనప్ప. దూదేకుల ఇంట పుట్టి, పిన్న వయసులోనే ఫకీరైన మనిషి. నాపరాళ్ళ గనుల మధ్యనున్న ఆ చిన్న దర్గాను ఆయనే చూసుకుంటాడు. కష్టంలో ఉన్నవాళ్ళు కులం, మతం అనకుండా వచ్చి ఆయన దగ్గర కాసేపు కూచుని పోతుంటారు. ఆయన పెద్దగా మాట్లాడడు. వచ్చినవాళ్ళకు కావలసింది అదేనేమో, మళ్ళీ మళ్ళీ వస్తారు. అందరికీ ఆయన తాతే.

లాలప్ప మాట విని ఆయన పళ్ళెంలో ఉన్న రొట్టెను రెండుగా తుంచి, ఒక ముక్క అతని ముందు పెట్టాడు. లాలప్ప దాన్ని ముట్టుకోలేదు.

జరిగింది ఇది.

దర్గా పక్కన, వచ్చేపోయేవాళ్ళు ఉండటానికి ఒక మిద్దె ఉంది. ఏటా రంజాన్ నెల ముగిసేనాడు ఊరంతా ఆ మిద్దె ఎక్కి పడమటి ఆకాశంలో నెలవంక కోసం వెతుకుతుంది. చుట్టూ ఉన్న పిట్టగోడ మోకాలెత్తు. ఒకప్పుడు పదిమంది ఎక్కేవాళ్ళు, అది సరిపోయేది. ఇప్పుడు ఎక్కితే కాలు పెట్టే సందుండదు. అందుకని తాత తన శిష్యుడు లాలప్పను పిలిచి, పిట్టగోడ మీద నడుమెత్తు దాకా ఇనప రైలింగు బిగించమన్నాడు. ఇనప పనిలో లాలప్ప అంత గట్టి పనివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి లాలప్పకు కూడా బాగా తెలుసు.

మూడు వైపులా బిగించాడు. పడమటి వైపు వదిలేశాడు.

ఎందుకని ఎవరో అడిగారు.

"నెలవంకకూ మనిషికీ మధ్య ఇనుము అడ్డం ఉండకూడదు," అన్నాడు లాలప్ప.

మాట బాగుంది. ఎంత బాగుందంటే, విన్నవాళ్ళు తలలూపారు, ఇళ్ళకు పోయి పెళ్ళాలకు చెప్పారు. శిష్యుడంటే ఇట్లుండాల అన్నారు. తన మాటకు తానే మురిసిపోయిన లాలప్ప, పడమటి వైపు ఒక్కసారి నిలబడి చూద్దామని కూడా అనుకోలేదు.

ఆ ఏడు నెలవంకను ముందు చూసినవాడు మౌలాలి. తాత శిష్యులందరిలోకీ చిన్నవాడు, కాశింబీకి ఒక్కగానొక్క కొడుకు. చురుకైన కళ్ళు. ప్రతి ఏడూ ముందుగా కేక పెట్టేది వాడే. ఆనాడూ పడమటి పిట్టగోడ మీద కాలు పెట్టి, "అదిగో!" అని చెయ్యి చాపాడు. ఏదీ, ఏదీ అంటూ వెనకున్న జనం ముందుకు తోసుకొచ్చారు. కింద నాపరాళ్ళు పేర్చి ఉన్నాయి.

పండగ కబురూ చావు కబురూ ఒకేసారి ఊళ్ళోకి పోయాయి.

మట్టి ఇచ్చి వచ్చాక కాశింబీ లాలప్పను అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

"ఆ పక్క ఎందుకు పెట్టలేదు నాయనా?"

ఊరంతా మెచ్చుకున్న మాట ఇప్పుడు నోటికి రాలేదు. తల వంచుకున్నాడు.

"నెలవంకకు అడ్డమొస్తాదని, అమ్మా," అన్నాడు చివరికి.

ఆమె అతన్ని తేరిపార చూసి, కొంగు నోటికి అదుముకుని ఇంట్లోకి పోయింది. ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని లాలప్ప తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

ఊళ్ళోవాళ్ళు ఓదార్చారు. రాసిపెట్టి ఉంది, నువ్వేం చేస్తావు అన్నారు. రాసినవాడెవరో లాలప్పకు తెలియదు గానీ, రైలింగు పెట్టనివాడెవరో తెలుసు.

ఇప్పుడు తాత ముందు కూచుని, రొట్టెముక్క వైపు చూస్తూ అదే మాట అన్నాడు.

"వాణ్ణి చంపింది నేనే తాతా."

"ఆ మాట నాకూ నచ్చింది లాలప్పా," అన్నాడు తాత.

ఏ మాటో లాలప్పకు వెంటనే తోచలేదు. నెలవంకకు ఇనుము అడ్డమన్న తన మాటేనని తోచాక తల ఎత్తలేకపోయాడు. నడుమెత్తు రైలింగు పెట్టమన్నది తాతే, మూడు వైపులే పెడితే చూసి ఊరకున్నదీ తాతే.

"యాడికన్నా పోతా," అన్నాడు.

"యాడికి?"

"తెల్దు."

"సాయంత్రం మిద్దె మీదికి రా," అన్నాడు తాత.

లాలప్ప ఊరు విడిచి పోనూ లేదు, మిద్దె ఎక్కనూ లేదు. మౌలాలి పడిన రాళ్ళ దగ్గర గోడకు ఆనుకుని కూచునేవాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే లేదు. నమాజుకు లేవడం మానేశాడు. దేవుడితో మాట్లాడటానికి తన దగ్గర ఏమీ మిగల్లేదనిపించింది. తాత రోజూ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి పోయేవాడు.

ఒకనాడు ఆయన చెంబు పెట్టి వెనక్కి తిరుగుతుంటే లాలప్ప అడిగాడు.

"ఆ పొద్దు దేవుడు యాడ చూస్తా ఉండె తాతా?"

తాత ఆగాడు.

"నాకు తెల్దు. నేను నెలవంక దిక్కు చూస్తా ఉన్నా," అన్నాడు.

ఎండలు ముదిరాయి. రాతి ఇళ్ళలో పడుకోవడమంటే పొయ్యిలో పడుకోవడమే. దర్గాకు వచ్చినవాళ్ళు పిల్లాజెల్లాతో మిద్దె మీదే పక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం లాలప్ప తల ఎత్తి చూస్తే, పడమటి పిట్టగోడ దగ్గర తాత వీపు కనిపించింది. మిద్దె వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చెరో పక్కకు చాపి ఉన్నాయి. మిద్దె మీద పిల్లలు పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. జనం నిద్రపోయాక తాత ఆ గోడ వెంటే చాప పరుచుకుని అడ్డంగా పడుకుంటున్నాడని తెలిసింది. పట్నం నుంచి ఇంకో పనివాణ్ణి పిలిపిస్తామని ఊరి పెద్దలు వచ్చారు.

"మొదలుపెట్టినోడు ఉండాడు గదా," అన్నాడు తాత.

ముసలాయనకు చాదస్తం ముదిరిందని పెద్దలు గొణుక్కుంటూ పోయారు. లాలప్ప ఆ మాటలు విన్నాడు. విని, గోడ వైపు తిరిగి కూచున్నాడు.

ఒకనాడు చీకటి పడకముందే గాలి లేచింది. దుమ్ముకు కళ్ళు తెరవడానికి లేదు. మిద్దె మీద చాపలు, దుప్పట్లు ఎగిరిపోతుంటే పిల్లలు వాటి వెంట పడమటికి పరిగెడుతున్నారు. తాత ఒక్కొక్కణ్ణే అడ్డుకుని వెనక్కి నెడుతున్నాడు. గాలి ఒక్క ఊపు ఊపింది. ఆయన కాలు వెనక్కి జారి, మడమ పిట్టగోడకు తగిలింది.

లాలప్ప మెట్లు ఎట్లా ఎక్కాడో అతనికే తెలియదు. పోయి తాత నడుము పట్టుకున్నాడు.

"దిగు తాతా!"

"దిగితే ఈడ ఎవరుంటారు?"

తాత చేతులు బిగుసుకుపోయి కిందికి రావడం లేదు. లాలప్ప వాటిని ఒక్కొక్కటిగా వంచి దించాడు. ఆయన్ని మెట్ల దగ్గర కూచోబెట్టి వెనక్కి వచ్చి, ఆయన నిలబడిన చోట తాను నిలబడ్డాడు. చేతులు చాపాడు. వెనక కింద ఏమున్నాయో అతనికి తెలుసు. చినుకులు మొదలై జనమంతా కిందికి దిగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

తెల్లవారి నడుముకు తాడు కట్టుకుని పాడుబావిలోకి దిగి, గోనెసంచి తెచ్చుకున్నాడు.

పడమటి గోడ పాతది. పై వరస రాళ్ళు కదులుతున్నాయి. వాటి నెత్తిన రైలింగు బిగిస్తే, మనిషి ఆనుకోగానే రాయితో సహా ఊడొస్తుంది. అందుకని కదిలే రాళ్ళు తీసి మళ్ళీ కట్టి, గోడ లోపలి వైపు నుంచి ఇనప పట్టీలు వేసి, అడుగునున్న గట్టి రాతిలోకి బోల్టులు దింపాడు. బోల్టు బిగించిన ప్రతిసారీ కిందనున్న నాపరాళ్ళు కనిపించాయి. ఏడుపు వస్తే ఏడుస్తూనే బిగించాడు.

పని అయ్యాక తాత వచ్చి తన బరువంతా వేసి రైలింగును తోశాడు. అది కదల్లేదు.

"గట్టిగా ఉంది," అన్నాడు.

"ఇప్పుడుండి ఏం లాభం తాతా?"

తాత చాప చుట్టి చంకన పెట్టుకుని కిందికి దిగాడు.

మళ్ళీ రంజాన్ వచ్చింది. నెల ముగిసేనాడు జనం మిద్దె ఎక్కారు. లాలప్ప కూడా ఎక్కి, ఎవరి కంటా పడకుండా తూర్పు మూల నిలబడ్డాడు. ఈసారి ఎవరూ తోసుకోలేదు. పడమటి రైలింగు దగ్గర కొంత చోటు వదిలి, అందరూ దానికి ఇవతలే ఆగిపోయారు.

ఆ చోట్లోకి కాశింబీ వచ్చింది. ఆమె ఆ మిద్దె ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు. ఏడాదిలో మనిషి సగమైంది. రైలింగు మీద రెండు చేతులూ ఆనించి ఆకాశంలోకి చూసింది.

కేక పెట్టేవాడు లేడు. జనం కళ్ళు చిట్లించి వెతుకుతున్నారు. అందరికంటే ముందు కాశింబీకే కనిపించింది. దూరంగా గుట్ట మీద, గోరంత. ఆమె కేక పెట్టలేదు. వెనక్కి తిరిగి, జనంలో లాలప్పను వెతికి పట్టుకుని, రమ్మని చెయ్యి ఊపింది.

లాలప్ప పోయి ఆమె ఎదుట నిలబడ్డాడు.

ఆమె తన చేతి కిందున్న ఇనుమును చూసింది. తర్వాత నెలవంకను చూసింది.

"అడ్డమేం రాలేదు గదా నాయనా," అంది.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. లాలప్ప చూశాడు. రైలింగు నడుము దగ్గరే ఆగిపోయింది. నెలవంక ఎక్కడో పైన ఉంది. మధ్యలో ఏమీ లేదు.

లాలప్ప జనాన్ని తోసుకుంటూ మెట్ల వైపు పరిగెత్తాడు. దిగి ఉంటే, ఇక ఆ ఊళ్ళో ఆగేవాడు కాదు.

మెట్ల మొదట్లో తాత నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చెరో పక్కకు చాపి ఉన్నాయి.

"తప్పుకో తాతా."

తాత తప్పుకోలేదు. చేతులు దించలేదు.

లాలప్ప ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పడమటి వైపు నడిచి, కాశింబీ పక్కన రైలింగు మీద చేతులు వేసి నిలబడ్డాడు.