వరదొచ్చిన ఏడు పుట్టినవాళ్ళు

జాతరలో ఎవరి రథం ముందు కదలాలన్న దాని మీద ఎగువవీధికీ దిగువవీధికీ తలలు పగిలాయి. ఎగువవీధి వంశానికి చెందిన జమీందారు వీరభూపతి కాలుగాలిన పిల్లిలా దివాణమంతా తిరిగి, దిగువవీధి రక్తమన్నది పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలని హుకుం జారీ చేశాడు.

తీరా చూస్తే, ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ ఎప్పుడో కాపురాలు పెట్టేశారు. ఎవరెవరో తేల్చాలంటే ఊరందరికీ పురుడు పోసిన మంత్రసాని నూకాలమ్మే దిక్కు. ఆమెను పిలిపించి, పేర్లు రాయడానికి గుమాస్తాని పక్కన కూర్చోబెట్టారు.

"ఊఁ, చెప్పు! సగం పొద్దు ఇప్పటికే పోయింది," అన్నాడు దొర, కూర్చోలేక లేస్తూ.

"అందరి సంగతీ చెబుతాను గానీ దొరా, వరదొచ్చిన ఏడు పుట్టినవాళ్ళతోనే చిక్కు. ఊరు మునిగితే రెండు వీధుల నిండుచూలాళ్ళూ ఒకే కొట్టు అటక మీద తలదాచుకున్నారు. ఒక్కపూటలో ఆరుగురు పుట్టారు. ఆ హడావుడిలో చేతికందిన బిడ్డని చేయిచాపిన తల్లికిచ్చాను. వాళ్ళనెటు రాయించను?"

"అనుమానం ఉన్న ప్రతివాణ్ణీ తరిమెయ్యడమే! రాయించు!"

నూకాలమ్మ గుమాస్తా వైపు తిరిగింది.

"రాసుకో నాయనా. మొదటి పేరు, వీరభూపతి."

గుమాస్తా కలం గాల్లోనే ఆగిపోయింది. పొద్దుగూకకముందే హుకుం రద్దయింది. ఊరు ఊపిరి పీల్చుకుంది గానీ, దొరకు మాత్రం కుదురు పోయింది. ఆనాటి నుంచి దిగువవీధిలో తన ఈడువాడు ఎవడు ఎదురైనా పల్లకీ ఆపించి, వాడి ముక్కు వంక చూసి, తన ముక్కు తడుముకునేవాడు.