దండం బొమ్మలు

ఎవరైనా ప్రశ్న అడిగితే భానోజీరావు మాస్టారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. సాలూరు చుట్టుపక్కల బళ్ళలో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో చాలామంది మళ్ళీ టీచర్లే అయ్యారు. ఆదివారం పూట వాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి సందేహం అడగడం, ఆయన జవాబు చెప్పకుండా "పద, అలా వెళ్ళొద్దాం" అనడం మామూలే. వెళ్ళిన చోట ఏదో ఒకటి జరిగేది. జరక్కపోతే ఇంటికి తిరిగొచ్చి భోంచేసి పడుకునేవారు. అలా ఎండలో తిరిగి కాళ్ళు నొప్పులు తెచ్చుకున్న శిష్యుల్లో నేనూ ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మా బళ్ళోనే పనిచేసే హైమావతికి జరిగింది. ఆమే నాకు చెప్పింది.

హైమావతి పదో తరగతికి క్లాస్ టీచర్. పని మొదలుపెడితే ఒళ్ళు దాచుకోవడం తెలియదు. ప్రతి శనివారం ఒక్కో పిల్ల గురించీ ఆ పిల్ల తల్లిదండ్రుల ఫోనుకి విడివిడిగా కబురు పెట్టేది. ఏ పాఠం వచ్చింది, ఏది రాలేదు, ఎందులో మెరుగుపడింది, అన్నీ రాసేది. పరీక్షలయ్యాక ఎవరికి ఇంటర్మీడియెట్‌లో ఏ గ్రూపు బాగుంటుందో కూడా రాసేది. జవాబుగా ఆమె ఫోన్ నిండా దండం బొమ్మలు వచ్చి పడేవి. రెండు చేతులు జోడించిన బొమ్మలు. ఒక్క ఇంటివాళ్ళు కూడా ఎప్పుడూ కాదనలేదు. ఆ భాగ్యం మాకెవరికీ లేదు. నేను గ్రూపు సంగతి ఎత్తితే తండ్రులు నాకే పాఠం చెప్పి పోయేవారు. అందుకని ఆమెను చూస్తే మాకు కొంచెం కడుపుమంటగానే ఉండేది.

అయినా ఆ వేసవిలో హైమావతి మనసు మనసులో లేదు. అంతకు ముందు ఏడు లెక్కల్లో చురుకైన వంశీ అనే కుర్రాడికి ఎంపీసీ మంచిదని రాసింది. ఇంట్లోవాళ్ళు దండం పెట్టి, తీసుకెళ్ళి విశాఖపట్నంలో హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చారు. దసరాకి ఇంటికొచ్చిన పిల్లాడు మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకో అమ్మానాన్నలకి చెప్పలేదు. బడికొచ్చి హైమావతి ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగు రోజులాగి వాళ్ళ నాన్న వచ్చి, స్టాఫ్ రూములో అందరి ముందూ, "మీరు సెప్పారనే గదా మేడమ్, ఏసినాం" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె తట్టుకునేది.

ఆ మాటే గుండెల్లో పెట్టుకుని ఒక ఆదివారం మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, నా మాట అందరూ వింటున్నారు. నేను చెప్పేది ఆలోచించే చెబుతున్నాను. మరి పిల్లలు ఎందుకు నిలబడలేకపోతున్నారు?"

"నీ మాట అందరికంటే బాగా ఎవరు విన్నారమ్మా?" అని అడిగారు మాస్టారు.

హైమావతి తడుముకోలేదు. లారీ డ్రైవర్ పోలినాయుడు అంది. రాయపూర్‌లో ఉన్నా కటక్‌లో ఉన్నా, కబురు అందిన కాసేపటికే ఆయన దగ్గర్నుంచి దండం వచ్చేది. కూతురు రోహిణికి బయాలజీ అంటే ప్రాణం. బైపీసీ అని రాస్తే ఒకటికి మూడు దండాలు పెట్టాడు. ఆ మర్నాడు సోమవారమే పిల్లని కాలేజీలో చేర్చడానికి తీసుకెళుతున్నాడు కూడా. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, మాస్టారు మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నారు.

వీళ్ళు వెళ్ళేసరికి పోలినాయుడు ఇంట్లోనే ఉన్నాడు. టీచరమ్మనీ పెద్ద మాస్టారినీ చూసి కంగారుపడి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. హైమావతి కూర్చుంది. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"కూకోండి మాస్టారూ."

"కూర్చుంటానులే, తొందరేముంది. నాయుడూ, మీ అమ్మాయికి ఎంపీసీ అయితే బాగుంటుందేమోనయ్యా?"

హైమావతి ఉలిక్కిపడింది. పోలినాయుడు ఉలిక్కిపడలేదు.

"అలగే మాస్టారూ. మీరు సెప్పినాక మరేటుంది."

"పోనీ సీఈసీ?"

"అదీ మంచిదే బాబూ."

"హెచ్ఈసీ కూడా ఉంది."

లోపల్నుంచి పోలినాయుడి భార్య పైడమ్మ జవాబిచ్చింది. "మాకేటి తెల్సును మాస్టారూ. మీరేది సెప్తే అదే."

మంచినీళ్ళు తెచ్చిన రోహిణి గుమ్మం పక్కన నిలబడి ఉంది. "నువ్వేమంటావు తల్లీ?" అన్నారు మాస్టారు. పిల్ల నేల చూపులు చూస్తూ, "మీ ఇష్టం సార్" అంది.

హైమావతికి తల కొట్టేసినట్టయింది. ఏడాది పొడుగునా తను పోగేసుకున్న దండాలన్నీ తన మాటకి కావని, టీచరు కుర్చీకని ఆ నిమిషంలో అర్థమైందట. ఆ కుర్చీలో ఎవరు కూర్చుని ఏం చెప్పినా ఈ ఇంట్లో ఇదే దండం పెడతారు. లేచి వెళ్ళిపోదామనిపించింది గాని, మాస్టారు కదిలేలా లేరు.

"గ్రూపు ఏదైనా సరే, పిల్లని హాస్టల్లో పడేయండి. ఇంటి పట్టున ఉంటే చదువు సాగదు" అన్నారు ఆయన.

పోలినాయుడి మొహం వెలిగిపోయింది. "నానూ అదే అనుకున్నాను మాస్టారూ! విశాపట్నంలో మాటాడేసినాను. డాట్రు కోచింగు కూడా ఆలే ఇస్తారట. రేపే ఎల్తన్నాం."

"హాస్టలేటి? ఒద్దు!"

వంటింటి గుమ్మంలో పైడమ్మ. చేతిలో టీ గ్లాసులు. ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఆవిడ కూడా అనుకున్నట్టు లేదు. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయిపోనాది మాస్టారూ" అంది.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇప్పుడియ్యమ్మా టీ" అన్నారు.

"రేపు ఎల్లేది ఊళ్ళో కాలేజీకే అనుకున్నాను గదా," అని పైడమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆవిడ లెక్కలో బైపీసీ అంటే ఇక్కడే చదివి నర్సవడం, సాలూరు ఆస్పత్రిలో తెల్లబట్టలు కట్టుకుని తిరగడం. పోలినాయుడి లెక్కలో బైపీసీ అంటే డాక్టరు. ఆ సంగతి తను టీ తాగిన ప్రతి ధాబాలోనూ చెప్పేశాడు. ఇద్దరూ ఒకే కబురు చదివి ఒకే దండం పెట్టారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు అడగలేదు.

"డాక్టరవుతానని నేనెప్పుడన్నాను నాన్నా?" అంది రోహిణి.

పోలినాయుడు జేబులోంచి ఫోన్ తీశాడు. "మేడమ్ గారు పెట్టినారు గదే, బయాలజీ శానా బాగుందని. ఇదిగో."

"బయాలజీ బాగుంటే బాగున్నట్టు. డాక్టరే అవ్వాలా? నాకేమవ్వాలో నాకింకా తెలీదు."

తను ఆ ఏడాది పంపిన కబుర్లలో పిల్లకి వచ్చినవీ రానివీ అన్నీ ఉన్నాయని, ఈ ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదని హైమావతి తర్వాత నాతో చెప్పింది.

"మరి సెప్పలేదేటే?" అన్నాడు తండ్రి. మాటలో కోపం కంటే బెంగే ఎక్కువుంది.

"మీరు అడగలేదు. మేడమ్‌కి దండం పెట్టేసి, ఇంటికొచ్చినప్పుడు ఆ దండం నాకు చూపించేవారు." పిల్ల గుమ్మం వదిలి తండ్రి ముందుకొచ్చింది. "హాస్టల్‌కి పంపితే నేనూ వంశీలాగ తిరిగొచ్చేస్తాను నాన్నా. మన వీధిలోనే ఉన్నాడు కదా. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు."

హైమావతి ఏదో చెప్పబోయింది. చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. బైపీసీ తర్వాత ఎన్ని దారులున్నాయో కాగితం చూడకుండా గంటసేపు చెప్పగలదు. మాస్టారు ఆమె చేతికి టీ గ్లాసు అందించారు. ఆమె టీ తాగుతూ ఊరుకుంది.

తర్వాత ఆ ఇంట్లో జరిగింది చర్చ అని నేను అబద్ధం చెప్పను. తగువు. పైడమ్మ పాత సంగతులన్నీ బయటికి తీసింది. నెలకి ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటావు, ఉన్న నాడు ఫోను తప్ప ఏటి సూస్తావు అని నిలదీసింది. పోలినాయుడు లేచి వీధిలోకి పోయి, అక్కడ ఆగి ఉన్న తన లారీ మెట్టు మీద కూర్చుని, మళ్ళీ లోపలికొచ్చాడు. "ఇక్కడ సదివితే మరి కోచింగు సంగతేటి?" అన్నాడు. "ముందు నన్ను ఆ కాలేజీ చూడనివ్వండి నాన్నా" అంది రోహిణి. అది తేలకముందే మాస్టారు లేచి, వెళ్ళొస్తామన్నారు. మామూలుగా వీధి చివరిదాకా వచ్చి సాగనంపే పోలినాయుడు ఆ రోజు వీళ్ళు వెళ్ళడం చూడను కూడా లేదు.

దారిలో హైమావతి ఉండబట్టలేకపోయింది. "ఏదీ తేలకుండా వచ్చేశాం మాస్టారూ. రేపే కదా ప్రయాణం."

"టీ బాగా పెట్టింది ఆవిడ" అన్నారు మాస్టారు.

సోమవారం తండ్రీకూతుళ్ళు విశాఖపట్నం వెళ్ళలేదు. ఆ రోజు హైమావతి ఫోనుకి పోలినాయుడి దగ్గర్నుంచి దండం బొమ్మ కూడా రాలేదు. గొంతు రికార్డు చేసి పెద్ద కబురు పంపాడు. ఊళ్ళో గవర్నమెంటు కాలేజీలో ల్యాబు ఉందా, జువాలజీ చెప్పే మాస్టారు రోజూ వస్తాడా, బైపీసీ చదివితే డాక్టరూ నర్సూ కాక ఇంకేమవుతారు, అన్నీ అడిగాడు. "మీరు రాసిన మెసేజీలో ఇవేటీ లేవు మేడమ్" అని విసుక్కున్నాడు కూడా. హైమావతి తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియదంది. ఆ వారమంతా ఆ ఇంటి నుంచి మూడు గొంతులూ వంతులవారీగా ఫోన్ చేశాయి. తండ్రి ఒకటి అడిగితే తల్లి ఇంకోటి అడిగేది. మధ్యలో పిల్ల ఫోన్ లాక్కునేది. హైమావతికి తల బొప్పి కట్టింది. చివరికి పిల్ల వెళ్ళి కాలేజీ చూసొచ్చింది. తండ్రి మరో రెండు రోజులు గొణిగి సంతకం పెట్టాడు. రోహిణి ఊళ్ళోనే, బైపీసీలోనే చేరింది.

పిల్ల కాలేజీలో చేరాక వచ్చిన ఆదివారం హైమావతి మాస్టారి దగ్గరికి వెళ్ళి ఈ సంగతంతా చెప్పింది. చెప్పేశాక కాస్త నిష్ఠూరంగా అంది. "ఇంత రభసా అయి, చివరికి చేరింది నేను రాసిన గ్రూపులోనే కదా మాస్టారూ. మనం వెళ్ళి ఏం మార్చాం?"

ఆ రోజు మాస్టారు చెప్పులు వెతుక్కోలేదు.

"గ్రూపు అదేనమ్మా," అన్నారు. "ఈసారి ఏడుపొస్తే మాత్రం ఆ పిల్ల నీ దగ్గరికి రాదు, అమ్మానాన్నల దగ్గరే ఏడుస్తుంది."