నలభై బారల తాడు

నతనయేలు అయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆయన పాస్టరుగా ఉన్న ఆ సముద్రపు ఒడ్డు సంఘంలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. బైబిలు స్కూల్లో మూడేళ్లు చదివి, సేవ నేర్చుకోవడానికి కొత్తగా ఆయన దగ్గరికి వచ్చిన ఫిలేమోనుకు మాత్రం తెలియదు.

పాపం, ఫిలేమోను చెడ్డవాడు కాడు. చదువు ఇంకా ఒంటికి పట్టలేదు, అంతే. ఆ ఊళ్లో నూకమ్మ భర్త ఆషాఢంలో చేపల వేటకు వెళ్లి మునిగిపోయాడు. శవం దొరకలేదు. సమాధి లేని మనిషికి ఆమే ఒక చోటు వెతుక్కుంది. సముద్రపు నీళ్లన్నిటినీ దేవుడు తన అరచేతి పుడిసిట్లో పట్టుకున్నాడని చర్చిలో విన్నది కాబట్టి, తన మనిషి ఆ చేతిలోనే ఉన్నాడని నమ్మింది. రోజూ పొద్దున్నే ఒడ్డున నిలబడి, "సెయ్యి వొగ్గీకు తండ్రీ" అని, ఆ చెయ్యి వదలొద్దని ప్రార్థించేది. ఒకరోజు ఫిలేమోను అది విన్నాడు. విని ఊరుకోలేకపోయాడు. "అమ్మా, దేవుడు ఆత్మ. ఆయనకు చెయ్యీ, కన్నూ, రెక్కా ఏవీ ఉండవు. అవన్నీ అలంకారాలు" అని విడమరిచి చెప్పాడు.

ఆమె వాదించలేదు. "సెయ్యే లేదంటే మావోణ్ని ఎవులు పట్టుకున్నట్టు బాబూ?" అని మాత్రం అడిగింది. మర్నాటి నుంచి ఒడ్డుకు రాలేదు. ఆదివారం చర్చికీ రాలేదు. నాలుగు రోజులుగా పొయ్యి కూడా వెలిగించడం లేదని పక్కింటివాళ్లు వచ్చి చెప్పారు.

ఫిలేమోను హడలిపోయి అయ్యగారి ముందు నిలబడ్డాడు. "అయ్యగారూ, నేను చెప్పినదాంట్లో తప్పేముంది? చెయ్యి లేని దేవుడికి చెయ్యి ఉందని బైబిల్లో రాస్తే, ఆ మాట నిజమెలా అవుతుంది?"

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నూకమ్మ పెనిమిటి పోయిన చోట సముద్రం ఎంత లోతుందో కొలిచి రా" అన్నారు.

తెల్లవారగానే ఫిలేమోను ఆ ఊరి జాలరి దానయ్య పడవ ఎక్కాడు. ఒడ్డు కనబడనంత దూరం వెళ్లాక, నూకమ్మ భర్త పోయిన చోట దానయ్య ఇంజను ఆపి, సీసపు గుండు కట్టిన తాడు అతని చేతికిచ్చాడు. రెండు చేతులూ చాపితే ఎంత పొడుగో అంత ఒక బార. ఆ ఊరివాళ్లు లోతు కొలిచేది దానితోనే. అలవాటున్నవాడు కొలిస్తే మేలు కదా అని ఫిలేమోను తాడు తిరిగి ఇవ్వబోయాడు. దానయ్య పుచ్చుకోలేదు.

"మీ సేతుల్తోనే కొలవండి బాబూ. సముద్రానికేటి, దానికి సేతులుంటాయా? మనయే సాపాల."

ఫిలేమోను చేతులు చాపి కొలుస్తూ తాడు వదలడం మొదలుపెట్టాడు. పది బారలదాకా గట్టిగానే లెక్కపెట్టాడు. ఇరవై దగ్గర గొంతు తగ్గింది. ముప్ఫై దాటాక భుజాలు పీకుతున్నా ఆ ధ్యాసే లేదు. కింద నీళ్లు నీలం పోయి నల్లగా ఉన్నాయి. గుండు లాగుతూనే ఉంది. నలభయ్యో బారతో తాడు అయిపోయింది. కొస వేళ్లకు చుట్టుకుని పడవ అంచు మీదికి వంగాడు. అడుగు తగిలితే తాడు వదులవుతుందని దానయ్య చెప్పి ఉన్నాడు. అది వదులు కాలేదు. తన రెండు చేతులూ నలభైసార్లు చాపినా అందనిది ఏదో, తన వేళ్లను పట్టుకుని ఉందనిపించింది. భయం వేసింది. ఆ భయంలోనే, ఎందుకో, మోకరించాలనిపించి పడవలోనే మోకరించాడు. దానయ్య తలగుడ్డ తీసి పక్కన పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి అయ్యగారి దగ్గరికి వచ్చి, "అందలేదండి. నలభై బారలు వేశాను. ఇంకా ఉంది" అన్నాడు.

"అయితే నలభై అన్న మాట అబద్ధమా?"

"కాదండి. నలభై ఉన్న మాట నిజం. నలభయ్యే అంటే అబద్ధం."

అయ్యగారు చెప్పులు వేసుకుని, "పద" అన్నారు.

నూకమ్మ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఫిలేమోను ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "అమ్మా, మీ ఆయన పోయిన చోటికి వెళ్లొచ్చాను. లోతు కొలుద్దామంటే నా చేతులు చాల్లేదు. దేవుడికి నాలాంటి చెయ్యి లేదు, నాకు తెలిసింది అంతే. అంతకు మించి ఏదో తెలిసినట్టు మాట్లాడాను. క్షమించండి."

ఆమె అతనివంక చూసింది. "మరి పట్టుకున్నాడా నాయినా?"

"పట్టుకున్నాడమ్మా" అన్నాడు ఫిలేమోను.

నూకమ్మ బావురుమంది. ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుంటూ అతని అరచేతులు చూసింది. తాడు ఒరుసుకుని అవి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "అయ్యయ్యో, ఉండు బాబూ" అని లేచి లోపలికి వెళ్లింది. కొబ్బరిమట్టలు విరిచి పొయ్యి రాజేసి, గరిటెడు నూనె వెచ్చబెట్టి తెచ్చి అతని చేతులకు రాసింది.

తిరిగి వస్తుంటే ఫిలేమోను మెల్లిగా అడిగాడు. "ఈ ఆదివారం ప్రసంగం నాదేనండి. దేవుడి చెయ్యి గురించి ఏమని చెప్పను?"

అయ్యగారు ఆగి సముద్రం వైపు చూశారు.

"ఎంత తాడు వేశావో అంతా చెప్పు. అడుగు తగిలిందని మాత్రం చెప్పకు."