సుంకమ్మ మిగిల్చిన నలభై బిందెలు

సరే, ఇలా నా పక్కకి జరిగి పడుకో. కథ చెబుతాను గానీ, ఒక్కటే. రెండోది అడిగావంటే ఊరుకోను. పొద్దుటి నుంచి చాకిరీ చేసి చేసి నా ఒళ్ళు హూనమైపోయింది.

అనగనగా ఒక ఊరు తల్లీ. ఆ ఊళ్ళో బడి ఉంది, రేషన్ షాపు ఉంది, లేనిదల్లా నీళ్ళే. బోర్లన్నీ ఎండిపోయాయి. రెండు రోజులకోసారి ట్యాంకర్ వస్తే జనమంతా బిందెలు పట్టుకుని వరుస కట్టేవాళ్ళు.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని నీ అంత పిల్ల. మూడో తరగతి. వాళ్ళమ్మ వన్నూరమ్మకి నడుము నొప్పి. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. అయినా బిందెలన్నీ మోసేది ఆవిడే. మోసుకొచ్చి గోడకి ఆనుకుని కూలబడితే, సుంకమ్మ వెనక చేరి నడుము పట్టేది. ఒక్క వారమైనా అమ్మకి బిందెలు మోసే పని తప్పితే బాగుండునని ఆ పిల్లకి ఎప్పుడూ అదే ధ్యాస.

అప్పుడు ఒకరోజు బళ్ళోకి కంప్యూటర్ వచ్చింది. అందులో ఒక కూరగాయల తోట. నిజం తోట కాదు, బొమ్మ తోట. అయినా మొక్క బతకాలంటే ఎండ కావాలి, ఎరువు కావాలి, నీళ్ళు కావాలి. మనకి ఒక రోజు గడిస్తే ఆ తోటలో వారం గడుస్తుంది. పిల్లకో మడి ఇచ్చారు. మడికి రోజూ పది బిందెల నీళ్ళు. వాడగా ఎన్ని మిగిలాయో పక్కన అంకె పడుతుంది. దాంతో పిల్లలకి సైన్సు నేర్పమని కమలాక్షి టీచర్‌కి అప్పగించారు. ఆవిడ ఒక్కతే అయిదు తరగతులూ చూసుకోవాలి. పాపం, అప్పటికే అలిసిపోయిన మనిషి.

సుంకమ్మ ముందు టమాటా నాటింది. పది బిందెలుంటే రోజూ రెండే పోసింది. టమాటా వాడిపోయి, తల వేలేసి, ఎండిపోయింది. టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, వేరు నీళ్ళు పీల్చి ఆకుకి పంపుతుందనీ, ఆకు ఎండని పట్టుకుని మొక్కకి తిండి వండి పెడుతుందనీ. సుంకమ్మ అంతా విని బుద్ధిగా తలూపింది.

ఆ తర్వాత వంగ మొక్క నాటింది. మళ్ళీ రెండే బిందెలు. అదీ ఎండిపోయింది. "మొక్కకి ఏమేం కావాలే?" అని టీచర్ అడిగితే గడగడా ఒప్పజెప్పేసింది. అంటే తెలియక కాదన్నమాట.

ఆ తర్వాత మిరప నాటింది. దానికీ రెండే. ఇంక టీచర్‌కి చిర్రెత్తుకొచ్చింది. రాదూ మరి? నాకైనా వస్తుంది. "అన్ని నీళ్ళు పెట్టుకుని పోయడానికి నీకేం వచ్చిందే? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచేసింది. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు.

అప్పుడు సుంకమ్మ లేచి నిలబడి మెల్లిగా అంది. "అయిదు రోజులకి నలభై బిందెలు మిగిల్చినా టీచర్. అవి ఏ కొళాయిలో వస్తాయి? మా అమ్మకు చెప్పాల."

టీచర్‌కి ఒక పట్టాన అర్థం కాలేదు. "కంప్యూటర్‌లో నీళ్ళు బయటికెలా వస్తాయే?" అంది.

"రేషన్ షాపులో మా అమ్మ మిషన్ మీద వేలు పెడితే, అందులో ఎన్ని కేజీలు పడితే అన్ని కేజీల బియ్యం ఇస్తారు కదా టీచర్. ఇందులో నలభై అని పడింది చూడండి" అంది సుంకమ్మ.

నవ్వకు. నవ్వడానికేముంది అందులో? ఆ పిల్ల ఎరిగిన మిషన్ అదొక్కటే. అందులో పడిన అంకె అన్నమై కంచంలోకి రావడం రోజూ చూస్తూనే ఉంది. టీచర్ కూడా నవ్వలేదు. కుర్చీలో కూలబడింది. అబద్ధం చెబుదామంటే ఆ పిల్ల ఇంకో నెల రోజులు మిగులుస్తూ కూర్చుంటుంది. చివరికి నిజమే చెప్పింది. "రావమ్మా. అవి బొమ్మ నీళ్ళు. ఏ కొళాయిలోకీ రావు."

సుంకమ్మ ఏడవలేదు. కోపం వచ్చింది. ఆ నలభై బిందెలూ మిరప మడిలో ఒక్కసారే కుమ్మరించేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చి చూస్తే మిరప ఆకులు పసుపెక్కి, మొదలు కుళ్ళి, మొక్క పక్కకి ఒరిగిపోయి ఉంది.

"ఇప్పుడు బాగా పోసినా కదా టీచర్, ఇదెందుకు సచ్చిపోయింది?" అని అడిగింది.

"వేరుకీ ఊపిరి కావాలమ్మా" అంది టీచర్. ఈసారి అరవలేదు. "మట్టి సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేరుకి ఊపిరాడదు. నీళ్ళు ఎక్కువైనా మొక్క చచ్చిపోతుంది."

సుంకమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్ళు లేక ఎండిన మొక్కల్నే చూసింది గానీ, నీళ్ళు ఎక్కువై చచ్చిన మొక్కని ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. కోపం ఎటు పోయిందో పోయింది. ఇది అమ్మకి చెప్పాలని ఒకటే ఆత్రం.

సాయంత్రం ట్యాంకర్ వచ్చింది. వన్నూరమ్మ వరుసలో నిలబడి ఉంది. సుంకమ్మ పరుగెత్తుకుంటూ పోయి చెప్పింది. "మ్మా, నీళ్ళు ఎక్కువైతే మొక్క సచ్చిపోతాది, తెలుసా నీకు?"

వన్నూరమ్మ నడుము మీద చెయ్యేసుకుని కూతుర్ని ఎగాదిగా చూసింది. "నీళ్ళు ఎక్కువయ్యేదా? అది ఏ ఊర్లోనే?" అంది.

వరుసలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఈలోగా వాళ్ళ వంతు వచ్చింది. అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా సుంకమ్మ చిన్న బిందె తన నెత్తికెత్తుకుంది. ఇల్లు చేరేదాకా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు.

కథేమో కంచికి,
నువ్వేమో నిద్రకి,
అలిసిన ఈ అమ్మమ్మ
ఇక తన మంచానికి.