దారంతో కొలిచిన చూపు

రెండో జాబితా కూడా వచ్చింది. అందులోనూ తన్మయి పేరు లేదు.

ఆప్టోమెట్రీ చదవాలని ఆమె పట్టుదల. కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే చదువు. రాతపరీక్ష బాగానే రాసింది, ఇంటర్వ్యూలో పోయింది. తోటివాళ్లంతా ఏదో ఒక కాలేజీలో చేరిపోయారు. తన్మయి చేరలేదు. వచ్చే ఏడు మళ్లీ దీనికే వెళ్తానంది. అప్పటిదాకా ఏం చేస్తావని అడిగినవాళ్లకు తలా ఒక జవాబు చెప్పింది. అన్నీ గట్టి జవాబులే. ఒక్కటీ నిజం కాదు.

చివరికి వెంకటగిరి వచ్చి మస్తానయ్య దగ్గర చేరింది.

ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రిలో కళ్లు చూసి రిటైరైన మనిషాయన. నేతపని వాళ్ల వీధిలో రెండు గదులు తీసుకుని, వచ్చినవాళ్లకు సైటు చూసి పంపేవాడు. మాట తక్కువ. మొదటి నెల ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పని చూపించాడు. తర్వాత తన కుర్చీ ఆమెకిచ్చి, తలుపు దగ్గరున్న స్టూలు మీదికి జరిగాడు.

ఎనిమిది నెలలు గడిచాయి.

అదే వీధిలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుంది. పగలంతా చుట్టూ మగ్గాల చప్పుడు. పొద్దుగూకితే అదీ ఉండదు. అప్పుడు తను కంచంలో గరిట పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. ఫోన్లో స్నేహితులు తెల్లకోట్లు వేసుకుని దిగిన ఫొటోలు వచ్చేవి. మొదట్లో అన్నిటికీ "సూపర్" అని పెట్టింది. తర్వాత చూసి ఊరుకుంది. ఆ తర్వాత చూడటం మానేసింది.

రోజంతా కలిపి ఆమె నోటినుంచి వచ్చే మాట ఒకటే. "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" ఆదివారాలు అదీ ఉండదు. ఒక సోమవారం పొద్దున తొలి మనిషిని లోపలికి పిలవబోతే గొంతు పెగల్లేదు. నిన్నంతా తను ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

మళ్లీ దరఖాస్తులు పెట్టే కాలం వచ్చింది. శనివారం ఆఖరు. మంగళవారం పొద్దున తన్మయి ఆయన ముందు నిలబడింది.

"సార్, మీరొక లెటర్ ఇవ్వాలి. మూడొందల పన్నెండు మందికి సైటు చూశానని రాయండి. పేర్లన్నీ నా పుస్తకంలో ఉన్నాయి."

"అంకె వెయ్యాలా?"

"వెయ్యకపోతే ఎవరు నమ్ముతారు సార్? ఏడాదంతా ఖాళీగా కూర్చుందంటారు. ఈసారి కూడా సీటు రాకపోతే ఇంట్లో ఇంకో ఏడాది ఇవ్వరు."

"రాస్తాలే," అన్నాడు మస్తానయ్య.

అంతలో పెంచలయ్య వచ్చాడు. యాభై అయిదేళ్ల నేతగాడు. తన్మయి రాసిచ్చిన ఒకే కళ్లజోడు పట్టుకుని అతను రావడం ఇది మూడోసారి.

"పాపా, ఇవి నాకు పనికిరాలా."

తన్మయి నిట్టూర్చింది. అతన్ని కూర్చోబెట్టి, ఆ కళ్లజోడే పెట్టించి, చిన్న అక్షరాల కార్డు ముఖానికి మూరెడు దూరంలో పట్టింది. రోజూ అందరికీ పట్టేది అంత దూరంలోనే. పెంచలయ్య అన్నిటికంటే కింది వరుస గడగడా చదివేశాడు.

"చదివారా, లేదా?"

"చదివా."

"ఎక్కడైనా తడుముకున్నారా?"

"లేదులే పాపా."

"అద్దాలు బాగాలేకపోతే ఇట్లా చదవగలరా?"

"చదవలేను."

"మరి అద్దాలు బాగున్నట్టా, లేనట్టా?"

పెంచలయ్య ఏదో అనబోయి నోరు మూశాడు.

బెంచీ మీద కూర్చున్న వాళ్లలో ఒకడు అందుకున్నాడు. "ఈ పాపతో నెగ్గలేవులే పెంచలన్నా! ఈమెకి తెల్లకోటు కాదు, నల్లకోటు వెయ్యాల."

అందరూ నవ్వారు. తన్మయీ నవ్వింది. చాలా నెలల తర్వాత ఒంట్లోకి కాస్త వెచ్చదనం వచ్చింది. పెంచలయ్య కూడా వాళ్లతోపాటు నవ్వి, కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మస్తానయ్య సొరుగులోంచి దారపు ఉండ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పెంచలయ్య ఇంటికి పో. అతను మగ్గంలో కూర్చున్నప్పుడు కంటి దగ్గర్నుంచి గుడ్డ దాకా ఈ దారం పట్టు. అంతవరకు తెంపుకుని రా."

"ఎందుకు సార్? కార్డు చదివాడు కదా!"

ఆయన అప్పటికే తర్వాతి మనిషిని లోపలికి రమ్మంటున్నాడు.

పెంచలయ్య మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త కళ్లజోడే పెట్టుకున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఆపాడు.

"ఏంది పాపా, ఇంటి మీదికే వచ్చినావా పోట్లాటకి?"

"పోట్లాట కాదు. మీ పని మీరు చేసుకోండి."

అతను పని మొదలుపెట్టాడు. తన్మయి చూస్తూ నిలబడింది. పోగు కనపడాలంటే అతను ముందుకు వంగి ముఖం గుడ్డకు దగ్గరగా తేవాలి. వంగితే, పోగుల్ని దగ్గరికి కొట్టే పన్నె లాగడానికి చోటుండదు. వెనక్కి జరిగి పన్నె లాగుతాడు. మళ్లీ వంగి వెతుక్కుంటాడు. మూల ఒక చీర మడతపెట్టి ఉంది.

"అదేంటి?"

"వాపసొచ్చింది. బుటా కాడ పోగు తప్పింది." అతను కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నీకు చెబుదామనే వచ్చినా. నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పేలోపల అయిపోయింది."

తన్మయి దారం విప్పింది.

"వెనక్కి, మామూలుగా కూర్చోండి. సైటు రాకముందు ఎట్లా కూర్చునేవాళ్లో అట్లా."

ఒక కొన అతని కంటి పక్కన ఆనించి, రెండో కొన గుడ్డ దాకా లాగింది. ఫొటో తీయించుకునేవాడిలా అతను కదలకుండా కూర్చున్నాడు.

"కొలతలు తీస్తన్నావు, నా చూపుకి చొక్కా కుట్టిస్తావా ఏంది?"

ఆమెకు నవ్వు రాలేదు. దారం పంటితో తెంపింది.

"అన్నం తిన్నావా పాపా?"

తిన్నానన్నట్టు తలూపింది. తినలేదు. ఆ వీధిలో ఎనిమిది నెలలుగా ఉంటోంది. ఒక గడప దాటి లోపలికి రావడం ఇదే మొదలు.

తిరిగొచ్చేసరికి గదిలో మస్తానయ్య ఒక్కడే ఉన్నాడు. దారం అందుకుని ఒక కొన ఆమె కణతకు ఆనించి పట్టుకోమన్నాడు. ఒక చేత్తో కార్డు ఎప్పుడూ పట్టే చోటే పట్టి, రెండో చేత్తో దారాన్ని దాని మీదుగా లాగాడు. దారం కార్డు దాటి ఇంకో జానెడు ముందుకు పోయింది.

తన్మయి ఆ జానెడు దారాన్ని వేళ్లతో కొలిచింది.

"మగ్గం దూరానికి ముప్పావు పవర్ తగ్గించాలి సార్," అంది.

"ఊఁ."

కొత్త చీటీ రాసింది. పెంచలయ్య పేరు రాస్తుంటే చెయ్యి నెమ్మదించింది.

మస్తానయ్య ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె అడిగిన లెటరే. అంతా రాసి, కింద సంతకం కూడా పెట్టాడు. అంకె ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాడు.

"నువ్వే వేసుకో," అన్నాడు.

తన్మయి పెన్ను మూత తీసింది. పుస్తకం తెరిచింది. ఒక్క ఈ వీధివాళ్లవే నలభై పేర్లకు పైగా ఉన్నాయి. నేతవాళ్లు, కలంకారీ వేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు. అందరూ కార్డు బాగానే చదివారు. అందరి పేర్ల పక్కనా తనే టిక్కు పెట్టింది. పెంచలయ్య తప్ప మళ్లీ ఎవరూ రాలేదు. బాగుండబట్టే రాలేదనుకుంది.

పెన్ను మూత పెట్టేసింది.

"శనివారం దాకా టైముంది కదా సార్."

"ఉంది."

పుస్తకం చంకలో పెట్టుకుని, దారపు ఉండ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. లోపల ఉడుకుతున్నది ఇక ఆగలేదు.

"మూడుసార్లు వచ్చాడు పెంచలయ్య. మూడుసార్లూ మీరీ స్టూలు మీదే ఉన్నారు. మీకు తెలుసు. ఒక్క మాట నాతో చెప్పుంటే పోయేది కదా!"

మస్తానయ్య తలెత్తి ఆమె వైపు చూశాడు.

"చెప్పుంటే నా మీదా నువ్వే గెలిచేదానివమ్మా."