ఇంకా ముదరని వట్టివేరు

ఇటు జరగండి. కిట్టూ, హేమ మీంచి కాలు తీయరా. ఆ, ఇప్పుడు వినండి.

అనగనగా ఒక ఊళ్ళో, కొండకి ఆనుకుని ఒక ఇల్లు. ఆనుకోడమంటే, పెరటి తలుపు తీస్తే ఎదురుగా కొండే, నిటారుగా. ఆ ఇంట్లో సూరమ్మని ఒక అత్తగారు, ఆవిడ కొడుకు లచ్చన్న, కొత్త కోడలు పైడి. పైడిదీ కొండ కింద ఊరే. చిన్నప్పుడు ఓ వానకి కొండ జారి వాళ్ళ ఇల్లు పోయింది పాపం.

సూరమ్మ చెడ్డది కాదే. నడుం నొప్పి మనిషి. కొండ మీద చెట్లు ఆకు రాల్చేవి, ఆకు పెరట్లో పడేది, పెరడు ఊడిస్తే నడుం పట్టేది, నడుం పడితే మనసు చెడేది, మనసు చెడితే కూరలో ఉప్పు మర్చిపోయేది. ఉప్పులేని కూర తిని లచ్చన్న మూతి ముడుచుకునేవాడు. ఒకరోజు వడియాలు పెడితే వడియానికో ఆకు అంటుకుంది. ఇంక ఆ చెట్లు కొట్టించందే అన్నం ముట్టనని కూచుంది. ఊ కొడుతున్నారా?

ఆ వేళ్ళే కొండని పట్టుకుని ఉన్నాయత్తా అని పైడి బతిమాలింది. వింటేనా. లచ్చన్న గొడ్డలి పట్టుకెళ్ళి వాలంతా బోడి చేసేశాడు. మొద్దులు కూడా తవ్వి పొయ్యిలో పెడదామంటే, ఆ ఒక్కటీ పైడి ఎలాగో ఆపింది.

వానలొచ్చాయి. కొండకేమయింది? ఏమీ కాలేదు. ఉత్తినే భయపెట్టావు కదే అని సూరమ్మ నవ్వింది. రెండో ఏడూ వానలొచ్చాయి. కొండకేమయింది? ఏమీ కాలేదు. ఈసారి ఊరంతా నవ్వింది. ఎందుకు కాలేదో చెప్పనా? మాను పోయినా వేరు వెంటనే పోదర్రా. లోపల మెల్లిగా పుచ్చుతూ ఉంటుంది. పూర్తిగా పుచ్చేదాకా పట్టు వదలదు, పిచ్చిది. దాని మీద నాకెంత జాలో.

పైడికి ఆ సంగతి తెలుసు. అందుకే చెట్లు కొట్టిన ఏడే ఒక ఉపాయం పన్నింది. సూరమ్మకి మంచినీళ్ళ కుండలో వట్టివేరు వేసుకుంటే ప్రాణం. నీ కుండలోకి కొండ మీద వట్టివేరు నాటతానత్తా అంది. సూరమ్మ మురిసిపోయి సరేనంది. ఇంకేముంది, ఇంటి వెనక వాలంతా అడ్డంగా వరసలు వరసలుగా వట్టివేరు గడ్డి నాటి, మధ్యమధ్య కానుగ మొక్కలు పెట్టేసింది. పశువుల పాక వెనక మాత్రం పాములొస్తాయని సూరమ్మ నాటనివ్వలేదు.

వేరు కావాలంటే గడ్డి పీకాలి కదా. ఏడాది తిరిగింది, నా వేరేదే? ఇంకా ముదరలేదత్తా. రెండేళ్ళు తిరిగాయి, నా వేరేదే? ఇంకా ముదరలేదత్తా. సూరమ్మ ఉత్త నీళ్ళే తాగి సణుక్కునేది. హేమా, నిద్రపోయావా? లేదా? సరే.

మూడో ఏడు, వానల ముందర, పైడి పాక వెనక్కెళ్ళి ఒక మొద్దుని ఒంటిచేత్తో ఊపింది. ఊడొచ్చేసింది. ఒకప్పుడు ఏనుగు లాగినా రాని మొద్దది. తెచ్చి అత్త ముందు పెట్టింది. సూరమ్మ వేరు పట్టుకుంటే పాత అప్పడంలా పొడిపొడి అయిపోయింది. తరవాత తనే లేచి, పాకలో ఆవునీ దూడనీ విప్పుకొచ్చి వీధివైపు కట్టేసింది. నడుం నొప్పి గుర్తే లేదు.

అవతలి వారం ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. మూడోనాడు పొద్దున్న పాక వెనక వాలు జారి, పాకని నేలమట్టం చేసేసింది. మరి ఇల్లు? వానకి గడ్డి అడ్డుపడింది, గడ్డిని వేరు పట్టింది, వేరు మట్టిని పట్టింది, మట్టి రాయిని పట్టింది. ఇంటి వెనక కొండ కదల్లేదు. సూరమ్మ కోడల్ని పట్టుకుని ఏడ్చేసింది.

వాన వెలిశాక తనే గునపం పుచ్చుకుని, పాక వెనకా నాటింది. కానుగలు పెద్దవై ఆకులు రాల్చాయి. ఊడ్చి, గంపకెత్తి, మళ్ళీ వాటి మొదట్లోనే పోసేది. ఇన్నేళ్ళయింది, నీ కుండలోకి వట్టివేరు తవ్వుకోలేదేం సూరమ్మా అని ఎవరైనా అడిగితే, ఇంకా ముదరలేదమ్మా అనేదిట.

అందుకని కిట్టూ, పొద్దున్న పనసాకులు ఊడవమన్నానని ఆ చెట్టు కొట్టించెయ్యమన్నావే, ఇంకెప్పుడూ అనకు. కావాలంటే చీపురు నేనే పట్టుకుంటాలే. కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.